గంటకో చుక్క

తెల్లారకముందే గుడిమల్కాపూర్ల
బంతిపూల మూట విప్పుతుంటే
పుల్ల తగిలింది మణెమ్మ కంటికి.
పుల్లనే కదా, అన్నది.
కొంగు ఉండ చుట్టి, నోటి ఆవిరి పట్టి, కంటికి అద్దుకొని
మళ్ల మూరలు కొలుసుడు మొదలువెట్టింది.

మూడో దినం పక్కింటి బాలింత పాలు పోయించినం.
అయిదో దినం మందుల దుకాణపాయన ఇచ్చిన చుక్కలు.
మొదలు సల్లగ, తర్వాత నిప్పు.
ఎనిమిదో దినం నా ట్రాలీ ఆటోల
పూలకు బదులు మనిషిని ఏసుకపోయిన.
నల్లగుడ్డు మీద సున్నం బొట్టు లెక్క తెలుపు,
దాని అడుగున నెలవంక లెక్క చీము.

తస్నీమ్ డాక్టరమ్మ తిట్టలే.
ఏమేం ఏసిన్రో అడిగి అన్నీ రాసుకున్నది,
పాలు గూడ.
తిమ్మిరి చుక్క ఏసి, సన్న బ్లేడుతోని
పుండు అంచు గీకి గాజుపలక మీద పెట్టింది.
సాయంత్రం ల్యాబ్ పిల్లగాడు నన్ను పిలిచి
మైక్రోస్కోపుల చూపిచ్చిండు.
చూపియ్యకుంటే బాగుండు:
దారాలు.
కొమ్మలేసుకుంట పోయే సన్నటి దారాలు.

ఇరవై ఏండ్లాయె ఆమె దారం పట్టవట్టి.
ఫంగస్ అంట, అని మాత్రం చెప్పిన.

గంటకో చుక్క. రాత్రి గూడ.
ఆ మందు తెల్లగ ఉంటది, అడుగున పేరుకుంటది,
ఊపకుంటే ఉత్త నీళ్లే పడ్తయి.
దవాఖాన ఎనుక కిరాయి అర్ర. ఫోన్ల అలారం
ఒంటిగంటకు, రెండింటికి.
మూడింటికి అక్కరలేదు,
మాకు ఎప్పుడైన తెల్లారేది అప్పుడే.
కింద రోడ్డు మీద బండి పోతుంటే
కన్ను మూసుకునే చెప్తది:
"చామంతి. నిన్నటి సరుకు."

ఒక్కోసారి నా చెయ్యి వణికి
చుక్క చెంప మీద పడ్తది.
మళ్ల ఏస్త. లెక్కల రాయ.

పొద్దున రంగు కాయితం కంటికి తాకిచ్చి
నీలం లైటు ఏస్తరు. పుండు మేర పచ్చగ మెరుస్తది.
డాక్టరమ్మ మిల్లీమీటర్లు చెప్తది, నాకు ఆ కొలత రాదు.
మొదలు మల్లెమొగ్గంత,
ఆరు రోజులకు సన్నజాజి మొగ్గంత.
ఆటోల కూసొని ఒక్కణ్ణే నవ్విన ఆ పొద్దు.

పదకొండో దినం మళ్ల మల్లెమొగ్గ.

"పొర పలచబడ్తున్నది. మందుకు ఆగకుంటే
మార్చాల్సి వస్తది."
"ఎవరిది ఏస్తరమ్మా?"
"చనిపోయినోళ్లది. ఇంట్లోళ్లు ఇస్తరు."

అర్రకు వచ్చినంక మణెమ్మ చానసేపు మాట్లాడలే.
అన్నం కలిపి, తినకుంట, అన్నది:
"ఆ ఇంటికి దండలు
మన దగ్గరికెల్లే పోతయేమో.
బేరం ఆడకు ఇగ, చావు దండలకు."

సరే అన్న.
నాలుగు కావస్తున్నది.
సీసా ఊపుతున్న.