ఆరు పిక్కలు

హరిపురం రోడ్డు మలుపులో
బొమ్మాళి తవిటయ్య డబ్బుసంచీ పోయిన వారానికి
నేను అర్జీ పెట్టాను.
కారణం అన్న గడిలో ఆత్మరక్షణ అని రాయమన్నాడు గుమస్తా.
శనివారం అని రాయాలనిపించింది నాకు.
శనివారమంటే నలభై ముగ్గురి కూలి,
కాశీబుగ్గ బ్యాంకు నుంచి బట్టీ దాకా
స్కూటీ డిక్కీలో.

శ్రీకాకుళం కలెక్టరేటుకి పదకొండుసార్లు తిరిగాను.
స్టేషన్ నుంచి ఒకాయన వచ్చి
నాకు కోపం ఎక్కువా అని ఇరుగుపొరుగుని అడిగాడు.
ఎక్కువేనన్నారట. అయినా రాసిచ్చాడు.
డాక్టరు చేతులు చాపమని
వేళ్ళ కొసల జీడిసొన మచ్చలు చూసి
ఇదేం జబ్బన్నాడు.
పలాస, అన్నాను.

ఎచ్చెర్ల రేంజిలో నేర్పినాయన
రిటైరు కాబోతున్న హెడ్డు, సవలాపురపు సింహాద్రి.
"తల్లీ, ముందు ఏలు బయటెట్టు.
కాలీగుందని ఎవులు సెప్పినా నమ్మకు,
దేవుడు సెప్పినా ఇప్పి సూసుకో."
పది తూటాల్లో రెండు అట్టకి తగిలాయి.
ఎనిమిది ఇసకబస్తాలు తిన్నాయి.
మణికట్టు రెండు రోజులు మూలిగింది.

కొత్త బాయిలర్‌కని దాచిన డబ్బు
విశాఖ కొట్లో లెక్కపెట్టి ఇచ్చాను.
ఇంటికొచ్చి, అలవాటు కదా,
పప్పు తూచే కాటాలో పెట్టాను.
ఏడు వందల చిల్లర గ్రాములు.
ఆ తూకానికి అంత ధర పలికిన సరుకు
మా ఊళ్ళో ఇంతవరకు లేదు.

ఆదివారం మధ్యాహ్నం గడియ పెట్టి
తూటాలు స్టీలు పళ్ళెంలో పోస్తాను.
ఆరు పిక్కలు. మళ్ళీ లెక్కపెడతాను. ఆరే.
సిలిండర్ పక్కకి తీసి వెలుతురుకి పట్టుకుంటే
ఆరు గదుల్లోంచీ కిటికీ ఊచలు కనబడతాయి.
గొట్టంలో బ్రష్, తర్వాత పాత జాకెట్టు గుడ్డ,
తర్వాత నూనె, ఒక్క చుక్క.
ఎక్కువైతే బంక, తక్కువైతే తుప్పు.
సముద్రం పది మైళ్ళ దూరానున్నా
ఇనుముకి దాని సంగతి తెలుసు.
తోలుసంచిలో దాచకన్నాడు సింహాద్రి,
తోలు సెమట తాగుద్దట.

బట్టీలో ఎవరికీ చూపించలేదు.
అయినా తెలిసిపోయింది.
కాటా ముల్లు నిలిచేదాకా అరిచే దాలమ్మ,
కూలి రెండుసార్లు లెక్కపెట్టి
"కళ్ళు పొయ్యిలో ఎట్టీసినావేటి, పది తగ్గినాది" అనే దాలమ్మ,
నోట్లు మడిచి కొంగున కట్టుకుని
వెళ్ళిపోయింది.
రాత్రి లెక్కల్లో తేలింది,
నిజంగానే పది తక్కువిచ్చాను.
మర్నాడు ఇచ్చేద్దామనుకున్నాను.
ఇవ్వలేదు. అడగలేదు కదా అనుకున్నాను.
ఆ మాట ఇక్కడ రాయకపోతే
ఇదంతా రాయడం దండగ.

ఓట్లొచ్చాయి.
తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించమన్నారు.
రసీదు ఇచ్చారు, పలచటి గులాబీ కాగితం.
డిక్కీలో కూలి, గొంతులో గుండె,
మళ్ళీ పాత శనివారాలు.
రెండో శనివారం దాలమ్మ
ఆముదం రాసిన వేలు నాలుకకి తగలకుండా
ఇంకో వేలు తడిపి లెక్కపెట్టింది.
మళ్ళీ పెట్టింది.
"ఇరవై తగ్గినాది. ఆ యేల పదీ తియ్."
వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
ముప్పై ఇచ్చాను.
చేతులు వణికాయి, ఎందుకో తెలీదు,
హాయిగా ఉండింది.

రెండు నెలలకి తిరిగిచ్చారు.
తోలుసంచిలోనే ఉంచారు.
గొట్టం మూతి దగ్గర మినపగింజంత తుప్పు.
నాలుగు ఆదివారాలు రుద్దాను.
కంటికి పోయింది, వేలికి పోలేదు.

ఈ శనివారం బీరువా ముందు కాసేపు నిలబడి
స్కూటీ తాళం మాత్రం తీసుకున్నాను.
హరిపురం మలుపులో భయం వేసింది.
బాగా భయం వేసింది.