కారేది ఊపిరి తీసుకోదు

గ్రంథాలయంలో ఉద్యోగం అడిగాను.
మునిసిపాలిటీ వాళ్లు నీటి విభాగంలో వేశారు.
"ఎందుకొచ్చావు ఈ పనికి?" అన్నాడు టొగాషి, మొదటి రాత్రి.
నీళ్లు నమిలాను.
ఆయన ఇంకేమీ అడక్కుండా
ఒకటిన్నర మీటర్ల ఇనుప కడ్డీ చేతికిచ్చాడు.
"ఈ బిళ్ల చెవికి. ఆ కొస వాల్వు మీద.
నోరు మూసుకో. వీలైతే ఊపిరి కూడా."

మా పని రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా.
ఊరు కుళాయిలన్నీ కట్టేశాక
ఇంకా కదిలే నీటి మీదే మా అనుమానం.
గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ
రోడ్డుకు నోరుంటుందని ఎవరూ చెప్పలేదు.
క్లోరిన్ మోతాదులు, పంపుల లెక్కలు
డిపార్ట్‌మెంటు పరీక్షకు బట్టీ పట్టాను.
ఆ ప్రశ్నపత్రంలో చెవికి ఒక్క మార్కూ లేదు.

మొదటి ఏడాది నాకు అన్నీ లీకులే.
కూల్‌డ్రింకుల యంత్రం గుర్రు,
ట్రాన్స్‌ఫార్మర్ సణుగుడు,
ఒకసారి నా సొంత నెత్తురు.
తవ్వే బండిని పిలిపించి
గడ్డకట్టిన రోడ్డు పగలగొట్టించి
పొడి మట్టి ముందు నిలబడ్డాను.
బండివాడు నవ్వాడు.
టొగాషి గోతిలోకి వంగి, మట్టి నలిపి చూసి,
"పొడిగా ఉంది. మంచిదేగా" అన్నాడు.

హొక్కైదోలో బొగ్గు తవ్విన రోజుల్లో
నలభై వేల మందికని వేసిన గొట్టాలివి.
ఇప్పుడున్నది ఆరు వేలమందిమి.
అన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా
ఊరు తన గొట్టాల్లో వదులుగా తిరుగుతోంది.
నీరు కదలదు. కదలని నీటిలో క్లోరిన్ చచ్చిపోతుంది.
అందుకని వారానికి రెండుసార్లు
హైడ్రంటు విప్పి, మంచినీళ్లను మంచులో పారబోస్తాం,
చుక్క చుక్కకీ లీకులు వెతికే మేమే.

కొండవైపు ఏడో లైనుకి
పై ఆఫీసు పటం మీద ఎర్ర పెన్సిలు గీత పడింది.
మీటర్లు పదకొండు, తిరిగేది ఒకటి.
ఆ వీధికి నీళ్లొదిలేసుకుందామన్నారు.

ఫిబ్రవరి. మైనస్ పద్నాలుగు.
టొగాషి కడ్డీ ఆనించి చాలాసేపు ఉన్నాడు.
"ఏమీ లేదు."
నేను ఆనించాను.
ఉంది.
నూలుపోగు లాగుతున్నట్టు, సన్నగా.
చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు.
గ్లవ్ తీసి కుడి చెవి రుద్దుకున్నాడు.
"ఏడాదిగా సన్నవి అందడం లేదు.
నువ్వు తలూపితే నేనూ ఊపుతున్నాను."

ముప్పై నాలుగేళ్ల చెవి.
ఏమనాలో తెలీక మళ్లీ కడ్డీకే చెవి పెట్టాను.
"ఎలా ఉంది?"
"సన్నగా."
"అది కాదు. కారేది ఊపిరి తీసుకోదు.
వాడేది తీసుకుంటుంది. ఉండి విను."

ఉన్నాం. కాళ్లు మొద్దుబారాయి.
ఎక్కడో పైకప్పు మీంచి మంచు జారింది, దాన్ని పోనిచ్చాను.
ఆగింది.
మళ్లీ మొదలైంది.
మళ్లీ ఆగింది, బకెట్టు మార్చినంతసేపు.
"ఆగుతోంది."
"టైమెంత?"
"రెండూ నలభై."
"అయితే ఇవహోరి టోఫు కొట్టు. సోయా గింజలు కడుగుతోంది."
వినపడని మనిషి చీకట్లో వేలు చూపించిన చోట
నిజంగానే ఒక కిటికీ,
లోపల దీపం, అద్దం నిండా ఆవిరి.

ఫారంలో గళ్లు రెండే. లీకు, లీకు కాదు.
రెండోదానికి టిక్కు పెట్టాను.
"ఇతర వివరాలు" దగ్గర పెన్ను మొరాయించింది.
నోటి ఆవిరితో కాచి రాశాను:
వాడుతున్నారు. రాత్రి రెండూ నలభైకి.
ఆ మాట ఎర్ర గీతకు అడ్డం పడుతుందో లేదో
ఏప్రిల్ బడ్జెట్ మీటింగులో గానీ తెలీదు.
టొగాషి మార్చిలోనే రిటైరవుతాడు.

నాలుగున్నరకు షట్టరు లేచింది.
రెండు ముక్కలు కొన్నాం, ఇంకా వెచ్చగా ఉన్నాయి.
ఇవహోరి డబ్బాలోకి నీళ్లు పడుతుంటే
టొగాషి అలవాటు చొప్పున
ఆ ధారకేసి తల వంచాడు,
ఎడమ చెవి.