కొసరు

యుటికాలో డిసెంబరు. చర్చి కింది గది.
బాయిలరు ముసలి దగ్గు దగ్గుతోంది.
నా మెడలో ప్రోక్టర్ అని రాసిన కార్డు,
చేతిలో పద్దెనిమిది పెన్సిళ్ళు,
అన్నీ ఒకే నలుపు, ఒకే పొడవు,
రాత్రి టీవీ ముందు కూచుని నేనే చెక్కాను.

సూచనలు ఉన్నవి ఉన్నట్టు చదవాలి.
సున్నాని నిండా నింపండి,
గీత బయటికి పోనివ్వకండి.
వివరించకూడదు. తల ఊపకూడదు.
నవ్వకూడదని రాయలేదు గానీ
పోయినసారి నవ్వినందుకు
డెనీస్ నన్ను పక్కకి పిలిచింది.

మూడో వరసలో హబీబో.
నర్సింగ్ హోములో రాత్రంతా దుప్పట్లు ఉతికి
అట్నుంచి అటే వచ్చేసింది, వేళ్ళకి బ్లీచు వాసనతో.
సెప్టెంబరులో ఆమె అంకె నూట తొంభై ఎనిమిది.
అరవై గంటల పాఠం తర్వాత
ఎంత పెరిగిందో ఇవాళ తేలాలి.
పెరగాలి.
పెరగకపోతే వచ్చే ఏడు ఈ గదికి డబ్బు రాదు,
బాయిలరు దగ్గను కూడా దగ్గదు.

పదకొండో ప్రశ్న.
మీ ఇంట్లో హీటరు పనిచేయడం లేదు,
ముందు ఎవరికి ఫోన్ చేస్తారు?
ఇంటి యజమానికి. పక్కింటివాళ్ళకి.
ఫైరింజన్‌కి. పోస్టాఫీసుకి.
హబీబో పెన్సిలు తడుముకోలేదు.
పక్కింటివాళ్ళకి.
నిండా, నల్లగా, గీత దాటకుండా.

నాకు తెలుసు ఆ సంగతి.
నవంబరులో యజమాని తొమ్మిది ఫోన్లకి పలకలేదు.
పక్కింటి కోవాల్చిక్ గారు, ఎనభై రెండేళ్ళావిడ,
తన పడగ్గదిలోని చిన్న హీటరు
మంచులో ఈడ్చుకుంటూ తెచ్చిచ్చింది.
ఆ మర్నాడు హబీబో సిటీ ఆఫీసుకెళ్ళి
కౌంటరు దగ్గర నిలబడి ఇంగ్లీషులో అడిగింది:
"నా పిల్లలు కోట్లు వేసుకుని పడుకుంటున్నారు.
మీ పిల్లలు?"
క్రియలు కుదిరాయో లేదో నాకు తెలీదు.
సాయంత్రానికి హీటరు వెలిగింది.

ఆ మాటకి ఏ సున్నా నింపాలి?
అడుగుదామని నోటిదాకా వచ్చింది.
గడియారం చూసి చెప్పాను,
ఇంకా ఇరవై రెండు నిమిషాలు.

మా అమ్మ పార్వతీపురం సంతలో ఉలవలు అమ్మేది.
మానిక నిండా పోసి
అరచేత్తో తలగొట్టి సమం చేసేది.
అది కొలత. ఎవరికైనా అంతే, కరణానికైనా, కూలికైనా.
ఆ మీదట గుప్పెడు తీసి
కొన్నవాళ్ళ సంచిలో వేసేది.
కొసరు లెక్కలోకి రాదు.
కొసరు లేకపోతే మనిషి మళ్ళీ రాదు.

కొలతే వద్దని అనను.
వెనక బెంచీ సా థా డో
పోయినేడు ఒక గీత దాటాడు,
వెల్డింగు కోర్సులో చోటు దొరికింది.
అంకె వేసిన కాగితం లామినేషన్ చేయించి
ఇప్పటికీ జేబులో పెట్టుకు తిరుగుతాడు.
శరణార్థుల శిబిరంలో పుట్టినవాడు.
రేషన్ నంబరు తర్వాత
తన పేరు పక్కన అచ్చుపడ్డ మొదటి అంకె అది.
దాన్ని వేళాకోళం చేసే హక్కు నాకు లేదు.

మిషను కాగితాలు మింగి, అంకెలు కక్కింది.
హబీబో, నూట తొంభై ఆరు.
"నిద్ర లేకుండా వచ్చుంటుంది" అంది డెనీస్.
కంప్యూటరులో నిద్రకి గడి లేదు.

"ఎంత?" అంది హబీబో,
వంకాయల ధర అడిగినట్టు.
చెప్పాను.
కోటు గుండీలు పెట్టుకుంటూ ఆలోచించింది.
"అయితే రెండు పోగొట్టుకున్నానన్నమాట.
ఏ రెండో చెప్పు,
బస్సులో వెతుక్కుంటాను."

ఈసారి నవ్వాను. పరీక్ష అయిపోయింది కదా.

రిపోర్టు చివర వ్యాఖ్యలకి ఒక గడి ఉంది,
ముప్పై అక్షరాలకి మించి పట్టదు.
హీటరు వెలిగింది, అని రాశాను.
డెనీస్ చదివింది. ఇదేమిటని అడగలేదు.
కొట్టెయ్యనూ లేదు.