కిటికీలో బిరడా

మేం వెళ్ళేసరికి
వెనకసీట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి.
పదకొండేళ్ళుగా కొట్టంలో, ఎండుగడ్డి కింద,
ఒక కన్ను పోయి, నాలుగు చక్రాల్లో గాలి పోయి
మా మేనత్త దియోలిందా కారు.
రెనో నాలుగు. మా కొండల్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు,
క్వాత్రెల అంటారు,
మేకకి ముద్దుపేరు పెట్టినట్టు.

సెర్వాందు స్క్రూడ్రైవర్‌తో నేలరేకుని పొడిచాడు.
అప్పడంలా విరిగింది.
"దీన్ని బాగుచెయ్యడమంటే," అన్నాడు,
"ఇదే పేరుతో ఇంకో కారు చెయ్యడం."
చెయ్యి, అన్నాను.

ఆ చలికాలం శనివారాలన్నీ దాని కిందే పడుకున్నాను.
మూడోవారం నుంచి నా భార్య ఇల్దా
నన్ను మంత్రసానీ అని పిలవడం మొదలెట్టింది.
తప్పేం లేదు,
మంత్రసాని బండే అది.

ముప్పై నాలుగేళ్ళు మా అత్త
బ్రగాన్సా నుంచి పైపైకి, మంచులో,
రోడ్డు ఇంకా చేరని ఊళ్ళకి కూడా దాన్ని తోలింది.
పురుళ్ళన్నీ ఆస్పత్రికి దిగిపోయాక, టీకాలకి.
వెనక థర్మాసు, తువ్వాళ్ళు, ఒక గొడ్డలి.
గొడ్డలెందుకత్తా అంటే
దారిలో పడ్డ చెట్లకి, అనేది.
కాసేపాగి
మొగుళ్ళకి కూడా, అనేది.

సొరుగులో నోటుపుస్తకం దొరికింది.
కిలోమీటర్లూ పిల్లలూ ఒకే వరసలో.
41,206. ఆడపిల్ల. పెట్రోలు తొమ్మిది లీటర్లు.
41,260. కవలలు. బ్రేకులు చూపించాలి.
ఒకచోట అంకె ఒక్కటే ఉంది. పక్కనంతా ఖాళీ.
సెర్వాందు లేచి వెళ్ళి రేడియో ఆపేశాడు.

తలుపొకటి సరిహద్దు దాటి స్పెయిన్ నుంచి వచ్చింది,
దీపం ఎవరిదో చచ్చిపోయిన బండిది.
రంగు మూడుసార్లు కలిపించాం, మూడుసార్లూ కుదర్లేదు;
చివరికి నంబరు పలక విప్పితే
దాని వెనక అరచేతి మేర
ఎండ తగలని అసలు రంగు,
నీళ్ళు కలిపిన పాలలా.

సీట్ల గుడ్డలు నేనే ఉతికాను.
అయోడిన్, సోంపు, తడిసిన ఉన్ని
సబ్బునీళ్ళతోపాటు కాలవలోకి పోతూంటే
ఏం ఉతుకుతున్నానో ఆలస్యంగా తెలిసింది.
ఊడ్చిన చెత్తలో
చెస్ట్‌నట్ తొక్కలు, కోడి ఈకలు, ఒక గుండీ,
నల్లగా నలిగిన సారాసీసా బిరడా.
అన్నీ కలిపి పారబోశాం.

ఏప్రిల్లో అత్తని తీసుకొచ్చాం.
ఎనభై ఎనిమిదేళ్ళు. చుట్టూ ఒకసారి తిరిగింది,
చేతికర్రతో బానెట్ మీద తట్టింది,
పుచ్చకాయ కొనేదానిలా.
"బాగుంది," అంది. "ఎవరిది?"

నాకు మాట రాలేదు. తలుపు తీశాను.

గొడుగుపిడి లాంటి గేరుని తోసి, తిప్పి, లాగి
ఊరు దాటించానో లేదో
ఆవిడ పక్క కిటికీ మొదలెట్టింది:
టకటక టకటక టకటక.
అద్దం మీద అద్దం, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు.
"బిరడా ఏది?"
ఏ బిరడా అత్తా?
"ఇక్కడ ఉండేది. బిరడా."

ఐదు నెలలు. రెండు జీతాలు.
స్పెయిన్ తలుపు.

ఆవిడ మరేం అడగలేదు.
రెండద్దాల సందులో చూపుడువేలు దూర్చింది.
శబ్దం ఆగిపోయింది.
చలేస్తుందత్తా అన్నాను.
"రోడ్డు చూడు," అంది.

పాత మిల్లు మలుపు దగ్గర
"నెమ్మది," అంది.
"హారన్ కొట్టు."
అక్కడెవరూ లేరు. ఇల్లూ లేదు.
కప్పు కూలిన రాతిగోడ, గోడలోంచి రేగుముళ్ళు.
కొట్టాను.
"ఇంకోసారి."

కొండ దిగేటప్పుడు నేనే మాట కలిపాను,
రాత్రికి సీసా తీస్తాను, కొత్త బిరడా పెడదాం.
"కొత్తది మొండిగా ఉంటుంది," అంది.
"నలగడానికి ఒక చలికాలం పడుతుంది."
వేలు మాత్రం తియ్యలేదు,
ఇల్లొచ్చి, ఇంజను ఆపాక కూడా.