తోడు

మే నెల. అనంతపురంలో బయట నలభై మూడు.
ఇంక్యుబేటర్ లోపల ముప్పై ఏడు.
ఊరు మొత్తమ్మీద మనిషి ఒంటి వేడి
ఆ ఒక్క పెట్టెలోనే మిగిలింది.

ఫ్లాస్కు ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తా.
మొన్న గులాబీరంగులో ఉన్న నీళ్ళు
ఈ పొద్దు పసుపు తిరిగినాయి.
తిండి అయిపోయిందని కణాలు చెప్పే తీరు అది.
ఆదివారమని వాటికి తెలీదు.

యాభై మూడేళ్ళ ఆమె అట. బ్లడ్ క్యాన్సరు.
నేను పుట్టకముందే పోయింది.
పేరు లేదు; ఒక అక్షరం, మూడంకెలు.
ఆమెలోంచి తీసిన చుక్క మాత్రం
పొమ్మన్నా పోక
రోజుకు రెండింతలు.

మా నాయన చేన్లో వేరుశనగ
ఎన్నిసార్లు ఊడ దిగకనే ఎండిపోయిందో!
ఈ జిల్లాలో వాన అడగని పంట ఇదొక్కటే.
దీన్నేమో చంపడానికి సాకుతున్నా.
సోమవారం మేపుతా,
గురువారం తంగేడు బెరడు సారం పెడతా.
ఇంతవరకూ పెద్దగా చచ్చిందేం లేదు.

రెండు గంటలకు కరెంటు పోయింది.
జనరేటర్ గది తాళంచెవితో
సారు ధర్మవరం పెళ్ళికి పోయినాడు.
గదిలో ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.
ఇంకొంచెం ఎక్కితే
ఏ మందూ లేకుండానే నా థీసిస్ అయిపోతుంది.

అటెండరు కుళ్ళాయప్ప తడిగోనె తెచ్చినాడు.
తాగేనీళ్ళ కడవ కింది ఇసుకలో ఫ్లాస్కు నిలబెట్టి,
గోనె కప్పి, అట్టముక్కతో విసురుతా అడిగినాడు:
"ఈయమ్మ బతికుండాదా మేడమ్, సచ్చిపోయిండాదా?"

నాకు నోట మాట రాలేదు.

ఆరింటికి కరెంటు వచ్చింది.
చుక్కలో నీలం కలిపి లెక్కపెట్టినా.
చచ్చినవి నీలం తాగుతాయి,
బతికినవి వద్దంటాయి.
నూటికి ఎనభై ఒకటి వద్దన్నాయి.
అంత సంతోషం ఎందుకయిందో
గురువారానికి నేనే సంజాయిషీ చెప్పుకోవాల.

కొత్త మీడియంలో పాతది ఒక్క మిల్లీలీటరు వేస్తుంటే
తలుపు దగ్గర్నుంచి చూసినాడు కుళ్ళాయప్ప.
"ఓ, తోడేస్తాండారా!
మా ఇంట్లో పెరుగు తోడు
మా అత్త గూగూడు నుంచి గిన్నెలో తెచ్చింది.
ఆమె పోయి ఎనిమిదేండ్లాయె.
పులుపు ఇంకా ఆమెదే."

పుస్తకంలో తేదీ వేసినా. పాసేజ్ ముప్పై రెండు.
ఫ్లాస్కు లోపల పెట్టినా.
పెట్టె తలుపు అతనే మూసినాడు, చప్పుడు కాకుండా,
పడుకున్నోళ్ళ గదికి వేసినట్టు.