అరంగుళం

తొమ్మిది నల్ల రికార్డులు, ఒక పుస్తకం,
బట్ట తొడిగిన అట్టపెట్టె.
కరెంటాఫీసు పింఛన్ల నెలకింత పక్కకు పెట్టి
పది నెలలు ఆగి తెప్పించుకున్న.
ఆటోలకెళ్లి దింపుతుంటే
బోయపల్లి గేటు కాడ ఎవరో అడిగిన్రు:
"కొత్త మిక్సీయా, కుర్మయ్యా?"

నాట్ల పాటలు, మట్టిపని పాటలు.
తట్ట నెత్తిన పెట్టుకొని పాలమూరోళ్లు
ఏ కట్ట మీద ఏం పాడుకున్నరో
ఎవరో ఎప్పుడో టేపుల పట్టినవి.
రికార్డుల మీద నాకు ఫిర్యాదు లేదు.
ముల్లు ఆనిస్తే చాలు,
గడ్డపార దిగిన చప్పుడు గూడ వినపడుతది.

పుస్తకమే.
మొదటిసారి తెరిస్తే
నలభయ్యొకటో పేజీ కాడ
ఎండుకట్టె ఇరిగినట్టు టప్పుమన్నది.
డప్పు పట్టిన మనిషీ, ఆయనెనక ఏడుగురు ఆడోళ్లూ
నా చేతిలకొచ్చి కూసున్నరు.
పుస్తకం రాలే.

కంపెనీకి ఫోను చేసిన.
మర్యాద తెలిసిన పిల్ల, ఇంకోటి పంపింది.
అది గూడ నలభయ్యొకటి కాడనే ఇరిగింది.
మూడోది అడగబుద్ధి గాలే.

క్లాక్ టవర్ వెనక గల్లీల
మౌలాలి జిల్దులు కడ్తడు.
కోర్టు రిజిస్టర్లు, పాత పహాణీలు,
చెదలు సగం చదివిన బడి హాజరు పట్టీలు.
మైలుతుత్తం కలిపిన మైదా లై వాసన
ఆయన కంటె ముందు పలకరిస్తది.
పుస్తకం వీపు మీద గోరుతోని గీకి
ముక్కు కాడ పెట్టుకున్నడు.
"దారమే లేదు సారూ.
పుల్ల గుచ్చని ఇస్తరి ఇది.
వేడి జిగురు పూసి, ఆరకముందే పెట్టెల దోపిన్రు.
మన ఎండలకు పాకమైతది, చలికి పెంకయితది."
పెట్టె మీది బంగారి అక్షరాలు తడిమిండు.
"దీనికి పెట్టిన పైసలల్ల
నాలుగు మూరల దారం రాకపాయెనా?"

అప్పుడు అసలు ముచ్చట చెప్పిండు:
కుడితే కుట్టు అరంగుళం తింటది.
లోపలి అంచు ఇక కండ్లవడది.
"మీ ఇష్టం."

ఇంటికి తెచ్చుకొని స్కేలు పెట్టి కొలుసుకున్న.
ఎడమ పేజీలల్ల కొసమాటలు పోతయి.
కుడి పేజీలల్ల
పాట మొదట్ల పిలిచే ఓ పోతది, ఓయి పోతది.
సరే, అవి రికార్డులల్ల ఉన్నయి.
ఊపిరి తోని సహా ఉన్నయి.

కానీ ఆ ఫోటోల
ఎడమ కొసకు నిలబడ్డామె.
కింద ఆరుగురి పేర్లేసిన్రు,
ఏడోది "మరొకరు" అని ఉంది.
సరిగ్గ అరంగుళంల ఉంది ఆమె మొకం.
ఏ రికార్డు తిప్పినా
అది వినపడదు.

రెండు దినాలైనంక మళ్ల పోయిన.
మౌలాలి ఫోటో దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
"ఈ ఒక్కదానికి తోక అతికిస్త.
కుట్టు తోకల పడ్తది, ఆమె బయట ఉంటది."
"ఒక్కదానికేనా?" అన్న.
"అన్నిటికి పెడితే
పుస్తకం గాదు, బొంత అయితది."
దారానికి మైనం రుద్దుకుంట నవ్విండు.

అయిదు దినాలు బరువుల కింద పడుకొని
లేచొచ్చింది పుస్తకం.
ఎర్ర ఖాలికో వీపు, కోర్టు రిజిస్టరు లెక్క.
తెరిచి బల్ల మీద పెడితే
ఇప్పుడు గాలికి గూడ మూసుకోదు.
నలభయ్యొకటి మాత్రం
తక్కిన పేజీల కంటె వేలెడు ముందుకొచ్చి
వాకిట్ల నిలబడ్డ మనిషి తీరు.

పెట్టెల మాత్రం పడుతలేదు.
బలిసింది. నూకితే అట్ట పిగిలేటట్టుంది.
రికార్డులు పెట్టెల, పుస్తకం బయట,
కరెంటు బిల్లుల ఫైలు పక్కన.

పుస్తకం జాగ ఖాళీగ ఉందని
నా మనుమరాలు
అండ్ల తన దువ్వెన పెట్టుకుంటున్నది.
సరిగ్గ పట్టింది.