రెండో నమూనా

రాత్రి రెండు దాటాక
గొట్టంలోంచి పైకి లాగిన ఊపిరితిత్తుల నీళ్లు
చిన్న సీసాలో నా బల్ల మీదికి వచ్చాయి.
లేత గులాబీ రంగు. పైన నురగ.
చీటీ మీద పేరు: దాసరి ఎల్లమంద, యాభై మూడేళ్లు.
ఇంగ్లీషు అక్షరాల్లో విరిగిపోయిన ఆ పేరును
ఈ రాత్రి సోహార్ ఆసుపత్రిలో
తడబడకుండా చదవగలిగేది నేనొక్కదాన్నే.

ఆగస్టు. కిటికీ అద్దానికి బయటివైపు చెమట.
ఫోన్లో డాక్టర్ హిలాల్,
మొన్ననే చదువు ముగించిన గొంతు:
"గుండెదా? ఊపిరితిత్తులదేనా?
అదొక్కటి చెప్పండి చాలు."

నేను చెప్పను, ప్రోటీన్ చెబుతుంది.
గుండె అలసి నెత్తుటిని ముందుకు తోయలేకపోతే
ఒత్తిడి వెనక్కి తన్నుతుంది.
చెక్కుచెదరని గోడలోంచే
నీరు చెమ్మలా ఊరుతుంది.
ప్రోటీన్ లావుపాటి చుట్టం,
చాలావరకు గడప అవతలే ఆగిపోతుంది.
అదే, గోడ తెగిందనుకో,
చుట్టాలూ పక్కాలూ మూటాముల్లెతో సహా
లోపలికొచ్చి కూర్చుంటారు.

మిషన్ గొణిగింది, ఆగింది.
నెత్తుటిలో ఆరు పాయింట్ ఎనిమిది.
ఈ నీళ్లలో రెండు పాయింట్ ఏడు.
సగం కూడా లేదు.
"గుండెదే," అన్నాను.
"గోడ బాగానే ఉంది."

రిపోర్టు కోసం వచ్చిన షైనీ సిస్టర్
నిలబడే నాలుగు మాటలు చెప్పింది.
ఇరవై ఒక్క ఏళ్లుగా ఆయన
సముద్రాన్ని మంచినీళ్లు చేసే ప్లాంటులో ఫిట్టరట.
అరవై బార్ల ఒత్తిడితో పొర మీదికి తోస్తే
నీరు ఇటు, ఉప్పు అటు.
నెల రోజులుగా గోడకు ఆనుకునే నిద్రట.
కాళ్లకు నీరు దిగితే
ఒక సైజు పెద్ద బూట్లు కొన్నాడట.
ఎవరడిగినా గ్యాస్ అన్నాడట.

పొరకు ఎంత ఒత్తిడి పెట్టాలో తెలిసిన మనిషి.
మీటరు లేని చోట
ఏం చూసుకుంటాడు?

తెల్లవారి ఆరింటికి రెండో నమూనా.
ఈసారి కొంచెమే. నురగ లేదు.
పసుపు తిరిగి, చిక్కగా, సీసా అంచును పట్టుకుని జారుతోంది.
మిషన్ నాలుగు పాయింట్ ఆరు అంది.
కడిగి మళ్లీ పెట్టాను.
నాలుగు పాయింట్ ఆరే.

హిలాల్ మెట్లు దిగి తానే వచ్చాడు,
కళ్లజోడు నెత్తి మీద మరిచి.
"గోడ తెగిందా? రాత్రి మనం పొరబడ్డామా?"
ఆ 'మనం'లో నన్నూ కలిపాడు. పరవాలేదు.

"మూత్రం ఎంత వచ్చింది?"
"రెండు లీటర్ల పైనే."
"ఆక్సిజన్?"
"సగానికి తగ్గించాం."
అని, తన మాట తానే విన్నట్టు ఆగాడు.

పోయిన శుక్రవారం
పొయ్యి మీద చారు పెట్టి ఫోన్లో పడిపోయాను.
వచ్చి చూస్తే గిన్నె అడుగున
నాలుక చుర్రుమనే ఉప్పు.
నేను రెండోసారి వేసింది కాదు,
నీళ్లు వెళ్లిపోయాయి, అంతే.
చారు అంటే అతనికేం తెలుసు,
మీ ఇళ్లలో మరక్ కాస్తారే, అదనుకోండి అన్నాను.
నీరు ముందు లేచి పోతుంది.
ప్రోటీన్ బద్ధకస్తురాలు, వెనక మిగులుతుంది.
ఇది కొత్తగా వచ్చింది కాదు డాక్టర్,
పోగా మిగిలింది.
మొదటి సీసా మాటే జబ్బు పేరు,
ఈ రెండోది, వాన వెలిశాక వాకిట్లో బురద.

అతను కళ్లజోడు వెతుక్కున్నాడు.
నెత్తి మీదే ఉందని చెప్పాను.

రిజిస్టర్లో అంకె రాశాను.
పెరిగింది అన్నది రాయడానికి గడి ఉంది.
ఎందుకు పెరిగిందో రాయడానికి లేదు.

ఎల్లమంద ముఖం నేను చూడలేదు.
గొట్టం తీశాక మొదట
తన బూట్లు ఎక్కడున్నాయని అడిగాడట,
పెద్దవి కాదు, పాతవి.

గదికొచ్చి కొళాయి తిప్పాను.
ఎవరో ఏదో షిఫ్టులో
ఉప్పును అవతల ఆపి పంపిన నీళ్లు
చారు గిన్నెలో పడ్డాయి.
అడుగు ఇంకా వదల్లేదు.